బైబిల్ చూపిస్తే తెరుచుకునే తలుపు

మోరిస్‌విల్,
మార్చి నెల, సోమవారం.

రెడ్‌మండ్‌లో కూతురి ఇంట్లో ఉంటున్న నా తోడికోడలు కొల్లాబత్తుల విమలకుమారికి,

నేను, కొల్లాబత్తుల సువార్తమ్మను. కీర్తిశేషులు ఏసుపాదం గారి భార్యను. వయసు డెబ్బై ఎనిమిది. సొంతూరు పాలకొల్లు. ప్రస్తుతం నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో నా కొడుకు జూడ్, కోడలు అబిగేల్ ఇంట్లో ఉంటున్నాను. చదువు రాదు, సంతకం రాదు. జ్ఞాపకం మాత్రం గట్టిగా ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, స్వబుద్ధితో చెప్పి రాయిస్తున్న సంగతులివి.

ఇలా మొదలుపెట్టించింది సత్యానందం తమ్ముడు. పాలకొల్లు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాసి రాసి, ఇప్పుడు కొడుకు దగ్గరికొచ్చి మన సంఘంలోనే ఉంటున్నాడుగా. “అక్కగారూ, ఫిర్యాదంటే ముందు మీరెవరో చెప్పాలి” అన్నాడు. నేనెవరో నీకు తెలీదా అన్నాను. అయినా రాశాడు. మంచిదే. మరిచిపోయి ఉంటే గుర్తొస్తుంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను కాస్త గట్టిగా మాట్లాడగానే నీకు సిగ్నల్ పోతుంది. కాగితానికి సిగ్నల్‌తో పని లేదు.

సంగతేమిటంటే, నువ్వు విమానం ఎక్కిన దగ్గర్నుంచి నా కార్డుకి చర్చి తలుపు తెరుచుకోవడం లేదు.

మన సంఘం స్కూలు క్యాంటీన్ హాల్లో కూడుకునే రోజుల్లో తాళంచెవి ఎవరి కొంగున ఉండేది? నా కొంగున. అందరికంటే ముందు వెళ్ళి, బల్ల తుడిచి, తెల్లగుడ్డ పరిచి, నేను కాల్చి తెచ్చిన పులియని రొట్టె పెట్టేదాన్ని. ఆ తర్వాతే పాస్టరుగారైనా లోపలికొచ్చేది. ఈ ఆఫీసుల బిల్డింగులోకి మారాక తాళంచెవి పోయి గోడకి నల్లపెట్టె వచ్చింది. దాని దగ్గర కార్డు పెడితే పచ్చలైటు వెలిగి తలుపు టక్కుమంటుంది. హాలు సర్దేవాళ్ళకని ఒక్క కార్డు వస్తే అది నీకిచ్చారు. ఎందుకూ? నువ్వు రిటైర్డు టీచరువి, నాకు అక్షరం ముక్క రాదు. తలుపు తియ్యడానికి చదువెందుకే?

నీలం తాడుకి తగిలించి మెళ్ళో వేసుకున్నావు. ఆఫీసుకెళ్ళే దొరసానిలా నడిచావు. తలుపు పట్టుకుని నిలబడి “గడప ఉందక్కా, జాగ్రత్త” అన్నావు. నా గడప దగ్గర నాకే దారి చూపించావు. దేవుడు క్షమించుగాక, ఆ రోజు ప్రభువు బల్ల దగ్గర మోకరించి కూడా నీ మెళ్ళో తాడునే చూశాను. 

తర్వాత ఏం జరిగిందో సంఘమంతటికీ తెలుసు. నేను జూడ్ కారు దిగలేదు. పాటలన్నీ కారులోంచే పాడాను. చివరికి పాస్టరుగారే ఇంకో కార్డు పట్టుకుని కారు దగ్గరికొచ్చారు. అది తీసుకుని నా బైబిల్ జిప్పు కవరులో, వెనక అరలో పెట్టాను. చదవలేకపోయినా నా బైబిల్ నా చేతిలోనే ఉంటుంది. మీ బావగారి ఫొటో, మట్టల ఆదివారం మట్ట, బీపీ మాత్రలు, కానుక కవరు, అన్నీ అందులోనే. కార్డు ఎక్కడికి పోతుంది?

అప్పటినుంచి నేను బైబిల్ ఎత్తి పెట్టెకి చూపిస్తే తలుపు తెరుచుకునేది. ఫ్రీమాంట్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన అది చూసి “ప్రైజ్ ద లార్డ్” అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను సరిదిద్దలేదు. ఆ సమయంలో నీ మొహం కూడా చూశాను. ఉప్పు లేని గంజి తాగినట్టు పెట్టావు.

మొన్న ప్రభువు రొట్టె పంచే సంస్కారపు ఆదివారం. జూడ్ నన్ను దింపి, కారు లేనివాళ్ళని తీసుకురావడానికి వెళ్ళాడు. ఒక చేతిలో రొట్టె డబ్బా, ఒక చేతిలో బైబిల్. చూపించాను. పెట్టె ఉలకలేదు, పలకలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒకటి అంటించాను కూడా. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కుక్కని తిప్పుకుంటున్న తెల్లాయన “హాయ్” అన్నాడు. నేనూ “హాయ్” అన్నాను. ఇంకేమనను, దొంగననుకుంటాడేమో అని భయం. పాటల త్రివేణి వచ్చి, “పెద్దమ్మగారూ, బైబిల్‌కి బ్యాటరీ అయిపోయిందా ఏంటి?” అంది. వెనకున్నవాళ్ళందరూ నవ్వారు. వాళ్ళ కార్డుతో తీస్తే, నేను వాళ్ళ వెనక లోపలికెళ్ళాను.

పాస్టరుగారు కంప్యూటర్‌లో చూసి, “మీ కార్డు యాక్టివ్‌గానే ఉందమ్మా. కట్ చేస్తే ఎర్రలైటు వెలిగి కుయ్‌కుయ్‌మంటుంది. ఒకసారి బయటికి తీసి ఇవ్వండి, చూస్తాను” అన్నారు. ఇస్తే మళ్ళీ నా చేతికి వస్తుందా? బైబిల్ జిప్పు తియ్యనివ్వలేదు. కుయ్‌కుయ్‌మని తిట్టినా బాగుండును విమలా. నేనక్కడ లేనట్టే ఉంది ఆ పెట్టె.

నీ కార్డు నువ్వు తిరిగి ఇవ్వలేదట. ఆరా తీశాను. అంటే వెళ్తూ వెళ్తూ నా కార్డు ఏదో చేయించి, నీది మూటగట్టుకుని రెడ్‌మండ్ పట్టుకుపోయావు. నేను తెరవకూడదు, నువ్వు తెరవవు. ఎవరికి చెప్పి ఏం చేయించావో రాసి పంపు.

చెప్పి రాయించినది: సువార్తమ్మ నిశాని, ఎడమచేతి బొటనవేలు.
రాసినవాడు: సత్యానందం.


రెడ్‌మండ్,
మార్చి ఆఖరు.

గౌరవనీయులైన అక్కగారికి విమలకుమారి వందనములు.

మీ ఫిర్యాదు అందింది. సత్యానందం గారి దస్తూరి ముత్యాల కోవలా ఉంది. మీ వేలిముద్ర మాత్రం కాగితం వెనక్కి దిగింది. అంత గట్టిగా నొక్కనక్కర్లేదు.

మీ కార్డుని నేను ఏమీ చేయించలేదు. చేయించాలంటే ఎవరికి చెప్పాలో కూడా నాకు తెలియదు. నా కార్డు అంటారా, అది ఉండవలసిన చోటే ఉంది. దాని గురించి మీరు పాస్టరుగారి దగ్గర ఆరాలు తీయకండి. నా మాట విని కొంచెం ఓపిక పట్టండి. ఈస్టర్ దాటాక అన్నీ సర్దుకుంటాయి.

ఇక్కడ రోజూ సన్నగా ముసురు. జెనిఫర్, అల్లుడు నోయెల్ పొద్దున్నే ఆఫీసులకి పోతారు. పాపని చూసుకుంటూ ఉంటాను. వీళ్ళ అపార్ట్‌మెంటు తలుపుకీ అలాంటి నల్లపెట్టే ఉంది. నాకింకా కార్డు ఇవ్వలేదు. కిందికి దిగితే మళ్ళీ పైకి రాలేను కాబట్టి దిగను. మీరు సంతోషించవచ్చు.

ఇక్కడి తెలుగు చర్చిలో వాక్యం తెర మీద వేస్తారు. ఎవరికి వారే చదువుకుంటారు. నన్ను లేచి చదవమని ఎవరూ అడగలేదు.

తిరిగి ఎప్పుడొస్తావని మీరు అడగలేదు కాబట్టి చెప్పనక్కర్లేదు గాని, ఇప్పట్లో రాను. మీకు తలుపు కావాలి. ఇప్పుడు తలుపు దగ్గర మీరొక్కరే ఉన్నారు. ఇంకేం కావాలి?

చలిలో నిలబడకండి. ఎవరైనా వచ్చేదాకా కారులోనే కూర్చోండి. అది మీకు అలవాటే కదా.

ఇట్లు,
విమలకుమారి.


మోరిస్‌విల్,
ఏప్రిల్, పునరుత్థాన పండుగ వెళ్ళిన వారం.

విమలకుమారిగారికి,

గారు ఎందుకు పెట్టానో నీకు తెలుసు. నన్ను “మీరు” అన్నావు. ఒక పొయ్యి మీద వండుకున్నాం, ఒక చాప మీద పురుళ్ళు పోసుకున్నాం. మన అత్తగారు పోయిన రోజున నా భుజం మీద పడి ఏడుస్తూ “అక్కా, నువ్వున్నావు నాకు” అన్న నోటితో ఇప్పుడు “మీరు”. సత్యానందం తమ్ముడు చదువుతుంటే ఆ మాట దగ్గర ఆపించి మళ్ళీ చదివించాను. తప్పు చదివాడేమోనని.

ఓపిక పట్టమన్నావు. పట్టాను. చేతి నిండా తెల్లపూలు పట్టుకుని ఈస్టర్ తెల్లవారుజామున ఆ తలుపు ముందు నిలబడ్డాను. సమాధి రాయి దొర్లిన పండుగనాడు నాకు అద్దాల తలుపు కూడా కదల్లేదు. త్రివేణే వచ్చి తీసింది. ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నా చేతుల్లో పూలు తీసుకుని, గిన్నెలు కడిగేచోట నిలబడి మెల్లిగా చెప్పింది.

“పెద్దమ్మగారూ, మీకు చెప్పకూడదన్నారు గాని నాకు మనసాగట్లేదు. బిల్డింగ్ మేనేజ్‌మెంట్ వాళ్ళు కార్డులు తగ్గించమన్నారంట. కమిటీలో డిస్కస్ చేశారు. ఒక్క ఫ్యామిలీకి రెండెందుకు, మీకు వయసైపోయింది, టీచరమ్మది ఉంచేద్దాం, ఈస్టర్ తర్వాత మీది ఆపేద్దాం అనుకున్నారు.”

“మా విమల ఉందా అక్కడ?” అన్నాను.

“ఉన్నారండీ.”

“ఏమంది?”

“ఏమీ అన్లేదండీ.”

ఈస్టర్ దాటాక సర్దుకుంటుందని అందుకా రాశావు? నా పేరు కొట్టేసేటప్పుడు నోట్లో బెల్లంముక్క పెట్టుకుని కూర్చున్నావన్నమాట. పరాయివాళ్ళు వయసైపోయిందంటే పడతాను. నా వయసు సంగతి మాట్లాడుతుంటే నువ్వు వింటూ కూర్చుంటావా? నాకంటే నాలుగేళ్ళే చిన్నదానివి. నీ మోకాళ్ళు నా మోకాళ్ళకంటే పాడు.

కార్డు ఉండవలసిన చోట ఉందన్నావు. ఎక్కడుందో నాకు తెలుసు. జెనిఫర్ పంపిన ఫొటో అబిగేల్ చూపించింది. పాపని ఎత్తుకుని నిలబడ్డావు. నీ మెళ్ళో నీలం తాడు స్వెట్టర్ లోపలికి దిగి ఉంది. ఆ ఊళ్ళో ఏ తలుపు తీస్తావే దానితో? తీసేది లేకపోయినా మెళ్ళో ఉండాలి. నాకు దక్కకూడదు, అంతే.

నువ్వు లేచి వాక్యం చదువుతుంటే ఆడవాళ్ళందరూ తలూపేవారు. నీ గొంతు అలాంటిది. అత్తగారికి కళ్ళు పోయాక నీ చేత కీర్తనలు చదివించుకుని, “పెద్దదాని చేతి కూర, చిన్నదాని నోటి వాక్యం” అనేది. కూర కడుపులోకి పోతుంది, ఎవరికీ కనపడదు. నాకంటూ నలుగురూ చూసేది ఒక్క తలుపు ఉండేది. దాని మీదా నీ కన్నే పడింది.

వాక్యం వినిపించేవాళ్ళు లేరని నేనేం బెంగపెట్టుకోలేదు. అబిగేల్ ఫోన్లో పెట్టింది. మగగొంతు, గడగడా చదివేస్తుంది. దానికి కీర్తనల్లో సెలా అని వచ్చినచోట ఆగడం తెలీదు.

నీ జవాబు అక్కర్లేదు. కార్డు పంపు. అది పనిచేసినా చెయ్యకపోయినా ఆ తాడు నీ మెళ్ళో ఉండడానికి వీల్లేదు.

చెప్పి రాయించినది: సువార్తమ్మ నిశాని. ఈసారీ గట్టిగానే నొక్కాను.
రాసినవాడు: సత్యానందం. పై మాటల్లో కొన్ని నేను మెత్తబరచబోతే ఆవిడ ఒప్పుకోలేదని మనవి.


రెడ్‌మండ్,
మే నెల.

అక్కా,

ముందు ఈ ఉత్తరం ఆపించి, నీ బైబిల్ జిప్పు తియ్యి. వెనక అరలో చెయ్యి పెట్టు. సత్యానందం గారూ, ఆవిడ చెయ్యి పెట్టేదాకా కింది వరుస చదవకండి.

తీశావా? రెండున్నాయి కదా. అందులో ఒకటి నాది.

తిట్టడం అయ్యాక మిగతాది విను.

నిన్న జెనిఫర్ కారులోంచి సామాన్లు దింపుతూ తన కార్డు, నోయెల్ కార్డు రెండూ నా చేతిలో పెట్టి, “అమ్మా, పైకెళ్ళి తలుపు తీసి ఉంచు” అంది. పాప చంకలో ఉంది. రెండూ కలిపి పట్టుకుని పెట్టెకి చూపించాను. ఉలకలేదు, పలకలేదు. నీ మాటలే గుర్తొచ్చాయి. జెనిఫర్ వెనకాలే వచ్చి, “అయ్యో అమ్మా, రెండూ కలిపి పెట్టకు. రెండూ ఒకేసారి మాట్లాడితే రీడర్‌కి ఏదీ వినపడదు. ఒక్కటే పెట్టు” అంది. ఒకటి తీసేసరికి తలుపు టక్కుమంది. అక్కా, నేను ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయాను. పాప నా మొహం చూసి ఏడుపు మొదలుపెట్టింది.

కమిటీలో నేనున్నాను. త్రివేణి చెప్పింది నిజం. నేను నోరు విప్పలేదు. ఎందుకంటే, వాళ్ళు “టీచరమ్మది ఉంచుదాం” అన్నప్పుడు ఒక్క క్షణం నాకు సంతోషమేసింది. దాచను. నీ బైబిల్ చూపిస్తే తలుపు తెరుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో మంట పుట్టేది. నా బైబిల్‌లో గీత గియ్యని పేజీ లేదు. నువ్వు దాన్ని తలకిందులుగా పట్టుకున్నా తలుపు తెరుచుకునేది, చూసినవాళ్ళు దేవుణ్ణి స్తుతించేవారు. ఒకసారి ఎవరూ లేనప్పుడు నేనూ నా కార్డు నా బైబిల్‌లో పెట్టి చూపించాను. తెరుచుకుంది. చూసేవాళ్ళెవరూ లేరు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కమిటీలో కలిగిన ఆ సంతోషం ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు. రొట్టె డబ్బా పట్టుకుని నువ్వు తలుపు ముందు నిలబడితే ఆ పెట్టె ఎర్రలైటు వేసి నిన్ను తిట్టడం కళ్ళకి కట్టింది. నేను పక్కన నిలబడి నా కార్డుతో తీసి “రా అక్కా” అనాలి. నీ మొహం నేను చూడగలనా? అందుకని నా ఆఖరి ఆదివారం, నువ్వు సంస్కారపు గిన్నెలు కడుగుతుంటే, నా కార్డు నీ కార్డుకి ఆనించి అదే అరలో దూర్చాను. ఈస్టర్ తర్వాత నీది ఆగిపోయినా నాది పనిచేస్తుంది. నీ బైబిల్ ఎప్పటిలాగే తలుపు తీస్తుంది. నీకు ఎన్నటికీ తెలియదు. అలా అనుకున్నాను. చేతికిస్తే తీసుకునేదానివా? “నీ ముష్టి కార్డు నాకెందుకే” అని మొహాన కొట్టేదానివి.

ఒకటికి రెండుంటే గట్టి అనుకున్నాను. టీచరు చదువు అక్కడిదాకే వచ్చింది.

నీ కోసం త్యాగం చేసి ఈ ఊరు వచ్చాననుకోకు. జెనిఫర్ ఎప్పటినుంచో పిలుస్తోంది. నీ వెనక నిలబడి నిలబడి నాకూ విసుగొచ్చింది. నీ కూర బాగుందని అందరూ అన్నప్పుడు నా వాక్యం ఎవరికీ గుర్తుండదు. నీకు కనపడలేదు గాని, అదీ కడుపులోకే పోతుంది.

ఫొటోలో తాడు చూశావు. దాని చివర స్వెట్టర్ లోపల ఏముందో చూడలేదు. నా కళ్ళజోడు. పాప లాగేస్తోందని తాడుకి కట్టుకున్నాను.

ఇప్పుడు ఆ రెండిట్లో నాది తీసి పారెయ్. కార్డు మూల చిన్న నంబరుంటుంది. చివర ఏడు ఉన్నది నాది. సత్యానందం గారు చదివి చెబుతారు. నేను పాస్టరుగారికి ఫోన్ చేసి, నా పేరు తీసేసి అక్క పేరు ఉంచమని చెబుతాను.

సెలా దగ్గర నేనెందుకు ఆగేదాన్నో ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు వెనక నుంచి నేను చదివిన వాక్యం అందుకుని మెల్లగా అనుకునేదానివి. నువ్వు పూర్తి చేసేదాకా ఆగేదాన్ని.

నీ చెల్లెలు,
విమల.


మోరిస్‌విల్,
మే నెల, ఆదివారం ఆరాధన అయ్యాక.

నా తోడికోడలు విమలకి,

నేను, కొల్లాబత్తుల సువార్తమ్మను. వయసు డెబ్బై ఎనిమిదే. ఈ రెండు నెలల్లో నువ్వు పెంచిన వయసు లెక్కలోకి రాదు. ఈ కింది సంగతులు మా చర్చి గుమ్మం ముందు, సాక్షులు చూస్తుండగా జరిగాయి.

నీ ఉత్తరం సత్యానందం తమ్ముడు చదివినప్పుడు నేను సోఫాలో ఉన్నాను. చెయ్యి పెట్టమన్నచోట చెయ్యి పెట్టాను. రెండు చేతికొచ్చాయి. చాలాసేపు తిట్టాను. ఆయన ఓపిగ్గా విన్నాడు, రాయలేదు. అబిగేల్ వంటింట్లోంచి వచ్చి, “ఏమైంది అత్తయ్యా, ఎవరు పోయారు?” అంది. “ఎవరూ పోలేదు, మీ చిన్నత్త బతికే ఉంది, అదే నా ఖర్మ” అన్నాను.

రెండూ ఒకేసారి మాట్లాడితే ఆ పెట్టెకి ఏదీ వినపడదన్నావు. మన అత్తగారు గుర్తొచ్చింది. మనిద్దరం ఒకరి మీద ఒకరం చాడీలు మొదలుపెడితే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, “ఒక్కొక్కతే రండే, ఇద్దరూ కలిసొస్తే నాకు చెవుడు” అనేది కదా. ఆవిడ పోయి ఇక్కడికొచ్చి గోడకి అంటుకుందనుకున్నా.

ఈ ఆదివారం తెల్లారే వెళ్ళాం. పాస్టరుగారిని, త్రివేణిని ముందే రమ్మన్నాను. అందరి ముందూ జిప్పు తీసి కార్డులు బయటికి తీశాను. ఒకటి నా చేతిలో ఉంచుకుని, ఒకటి త్రివేణి చేతికిచ్చి దూరంగా నిలబెట్టాను. పెట్టెకి చూపించాను. పచ్చలైటు. టక్కుమంది. తలుపు మూయించి, కార్డులు మార్పించి రెండోది చూపించాను. అదీ టక్కుమంది.

“నా కార్డు ఈస్టర్ తర్వాత కట్ చేస్తామన్నారు కదా?” అని పాస్టరుగారిని అడిగాను.

ఆయన నేలకేసి చూసి, “పూలు పట్టుకుని మీరు బయట నిలబడ్డారని తెలిశాక చెయ్యి రాలేదమ్మా. బిల్డింగువాళ్ళు రోజూ అడుగుతూనే ఉన్నారు. ఒకటి ఇచ్చెయ్యాలి” అన్నారు.

“విమలగారు ఫోన్ చేశారు. తన పేరు తీసేసి మీది ఉంచమన్నారు” అని కూడా అన్నారు.

సత్యానందం తమ్ముడు కళ్ళజోడు పెట్టుకుని, “అక్కగారూ, ఇలా ఇవ్వండి. చివర ఏడు ఉన్నదేదో చూసి చెబుతాను” అని చెయ్యి చాపాడు.

“చదవకు” అన్నాను.

“చదవకపోతే మీదేదో ఎలా తెలుస్తుందండీ?”

“తెలియక్కర్లేదు. చదివావంటే నీ చేత మళ్ళీ ఉత్తరం రాయించను.”

రెండూ వెనక్కి పెట్టుకుని, చేతులు మార్చి మార్చి, ఒకటి పాస్టరుగారికి ఇచ్చేశాను. “ఇదెవరిదో నా చెవిన పడకూడదు” అని చెప్పాను. ఆయన చూసుకోకుండానే జేబులో వేసుకున్నారు. మంచివాడే, కమిటీ చెడగొడుతోంది గాని. రెండోది నా బైబిల్‌లో ఉంది. అది నా కార్డైతే నా కార్డుతో నేను తీస్తాను. నీదైతే నీ ముష్టి కార్డుతో తీస్తాను. ఏది ఏదో నాకు తెలియదు కాబట్టి నీ మీద ఏడవడానికి నాకు వీల్లేకుండా పోయింది. అదే కష్టంగా ఉంది.

త్యాగం చెయ్యలేదని రాశావు. మంచిపని చేశావు. చేసి ఉంటే నిన్ను జన్మలో క్షమించేదాన్ని కాదు. నా బైబిల్ మీద నీకు కడుపుమంట అని రాశావు చూడు, ఆ ముక్క మళ్ళీ చదివించుకున్నాను. నాకు నిద్ర బాగా పట్టింది.

ఇప్పుడు నా షరతు. కార్డు ఒకటే, మనుషులం ఇద్దరం. మొదటి ఆదివారం తలుపు నాది. సంస్కారం ఆ రోజే కాబట్టి అది అడక్కు, ఇవ్వను. రెండో ఆదివారం నీది. మూడోది నాది, నాలుగోది నీది. అయిదో ఆదివారం వస్తే అప్పుడు పోట్లాడుకుందాం. నీ ఆదివారాన కార్డు నీకిస్తాను. తాడుకి కట్టుకుంటావో, బైబిల్‌లో పెట్టుకుంటావో నీ ఇష్టం. బైబిల్‌లో పెడితే చూసేవాళ్ళు ఉండరేమోనని దిగులుపడకు. నేనుంటాను. పళ్ళు కొరుక్కుంటూ చూస్తాను.

నువ్వు రాకపోతే ఏం చేస్తావని సత్యానందం తమ్ముడు అడుగుతున్నాడు. రాయి తమ్ముడూ. రెండో ఆదివారం నేను ఆ తలుపు ముట్టుకోను. కార్డు నా చేతిలోనే ఉంటుంది, తియ్యను. మిగతావాళ్ళు వాళ్ళ కార్డుతో తీసుకుని లోపలికెళ్తే వెళ్ళనీ. “గడప ఉందక్కా” అనేదాకా నేను బయటే నిలబడతాను. కుక్కాయన వస్తే హాయ్ చెబుతాను. నాకు వయసైపోయిందని ఎవరైనా అంటే, అదిగో, నాకంటే నాలుగేళ్ళు చిన్నది రెడ్‌మండ్‌లో ముసుగుతన్ని పడుకుంది, దాన్నడగండి అంటాను.

జెనిఫర్ పిల్లని తీసుకునే రా. దానికి నేను కూర వండి పెడతాను. నువ్వు సెలా దగ్గర ఆగు.

ఇది నేను చెప్పగా రాయించి, చదివించుకుని, నా మాటలే అని ఒప్పుకుని వేసిన ముద్ర.

కొల్లాబత్తుల సువార్తమ్మ నిశాని, ఎడమచేతి బొటనవేలు. ఈసారి మెల్లగా.

సాక్షులు:
త్రివేణి, పాటల బృందం. బైబిల్‌కి బ్యాటరీ అన్నందుకు క్షమాపణతో.
కొల్లాబత్తుల జూడ్, కొడుకు. మా పిన్నిగారి టికెట్ నేను బుక్ చేస్తానని అందరి ముందూ ఒప్పుకుంటూ.

రాసినవాడు: సత్యానందం. చదవమన్నది చదివి, చదవవద్దన్న నంబరు చదవకుండా.